మన మాట మనకే కాస్త ఆలస్యంగా వినిపిస్తే: నత్తి తగ్గించుకోవడానికి డీఏఎఫ్ యాప్‌ను వాడుకునే విధానం

నత్తి ఉన్నవారు బడిలో పదిమందితో కలిసి ఎక్కాలు చెప్పేటప్పుడు, గుడిలో అందరితో పాటు విష్ణు సహస్రనామం చదివేటప్పుడు, భజనలో గొంతు కలిపేటప్పుడు దాదాపు తడబడరు. అదే మనిషి బస్సెక్కి కండక్టరుకు ఊరి పేరు చెప్పవలసి వచ్చేసరికి మొదటి అక్షరం దగ్గరే మాట పట్టేస్తుంది. తమ గొంతుతో పాటు మరో గొంతు వినిపిస్తున్నంతసేపు నత్తి బాగా తగ్గుతుందన్న సంగతి ఈ రంగంలో పనిచేసేవారికి చాలాకాలంగా తెలుసు. ఆ రెండో గొంతును సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసి మాట్లాడేవారి చెవిలోనే వినిపించవచ్చునన్న ఆలోచన మీదే ఈ పద్ధతి ఆధారపడి ఉంది. మైకు మీ మాటను అందుకుంటుంది. సాఫ్ట్‌వేర్ దానిని కొన్ని మిల్లీసెకన్లు ఆపి గానీ, శ్రుతిని పెంచి లేదా తగ్గించి గానీ, ఇయర్‌ఫోన్ల ద్వారా మీకే తిరిగి వినిపిస్తుంది. ఆలస్యంగా వినిపించే పద్ధతిని డీఏఎఫ్ అనీ, శ్రుతి మార్చి వినిపించే పద్ధతిని ఎఫ్ఏఎఫ్ అనీ అంటారు. చాలా యాప్‌లలో రెండూ కలిసే ఉంటాయి.

ఈ విద్య కొత్తది కాదు. మామూలుగా మాట్లాడేవారికి తమ మాటే సెకనులో సుమారు ఐదో వంతు ఆలస్యంగా వినిపిస్తే వారు నత్తి వచ్చినట్లు తడబడతారని 1950లో అమెరికాలో బెర్నార్డ్ లీ గమనించి ప్రకటించారు. నత్తి ఉన్నవారి విషయంలో అదే ఆలస్యం తద్విరుద్ధంగా పనిచేస్తుందని తరువాత తేలింది. 1965లో ఇజ్రాయెల్ గోల్డైమండ్ పావు సెకను ఆలస్యాన్ని ఉపయోగించి, మాటను నెమ్మదిగా సాగదీసి పలకడం నేర్పే పద్ధతిని రూపొందించారు. 1990లలో జోసెఫ్ కాలినోవ్‌స్కీ, ఆండ్రూ స్టువర్ట్ తదితరులు 50 నుంచి 75 మిల్లీసెకన్ల ఆలస్యం కూడా చాలునని, దానితో మాట వేగం తగ్గించకుండానే తడబాట్లు తగ్గుతాయని చూపారు. 2001లో వినికిడి యంత్రంలా చెవిలో పెట్టుకునే స్పీచ్‌ఈజీ అనే పరికరం వచ్చింది గానీ, దాని ధర వేల డాలర్లలో ఉండడం వల్ల మనలాంటివారికి అందలేదు. ఆ పరికరం చేసే పనిలో ముఖ్యమైన భాగాన్ని ఇప్పుడు చేతిలోని ఫోనుతో చేసుకోవచ్చు.

అయితే ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది నత్తిని నయం చేసే మందు కాదు. కొందరికి మొదటి రోజే ఆశ్చర్యపోయేంత తేడా కనిపిస్తుంది, కొందరికి కొద్దిగా తగ్గుతుంది, కొందరికి ఏ మార్పూ ఉండదు. పుస్తకం చూసి చదివేటప్పుడు కనిపించినంత ఫలితం సంభాషణలో కనిపించకపోవచ్చు. వాడగా వాడగా కొందరిలో ప్రభావం తగ్గుతుంది కూడా. ఇది ఎందుకు పనిచేస్తుందనే విషయంలో పరిశోధకులకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. కనుక ఎవరికో పనిచేసిందని నమ్మి కూర్చోకుండా, మీకు పనిచేస్తున్నదో లేదో మీరే కొలిచి తెలుసుకోవాలన్నది నా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కొలత గురించే ఉండడానికి కారణం కూడా అదే.

ఎవరు వాడవచ్చు, ఎవరు ఆగాలి

చిన్న పిల్లలకు ఈ యాప్ పెట్టవద్దు. నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది, ఆ వయసులో మొదలైనవారిలో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పోతుందో లేదో తేల్చుకోవడానికీ, పోకపోతే ఏం చేయాలో చెప్పడానికీ స్పీచ్ థెరపిస్టు ఉన్నారు. పిల్లవాడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి ప్రయోగాలు చేయడం సరికాదు. మన వైపు పెద్దవాళ్లు నాలుక మీద వస కొమ్ము అరగదీసి రాయడం, నోట్లో గులకరాళ్లు పెట్టి మాట్లాడించడం వంటివి ప్రేమతోనే చేస్తారు. వాటివల్ల నత్తి పోదు. రాయి గొంతులోకి జారే ప్రమాదం మాత్రం ఉంది.

చిన్నప్పుడు లేని నత్తి పెద్దయ్యాక హఠాత్తుగా వస్తే, ముఖ్యంగా తలకు దెబ్బ తగిలిన తరువాత గానీ, పక్షవాతం లక్షణాలతో గానీ, కొత్త మందు మొదలుపెట్టిన తరువాత గానీ వస్తే, యాప్ సంగతి పక్కనబెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి. చెవులు సరిగా వినిపించనివారు ముందు వినికిడి పరీక్ష చేయించుకోవాలి. మిగిలినవారు, అంటే చిన్నప్పటి నుంచి నత్తి ఉన్న పెద్దవాళ్లు, కాలేజీ పిల్లలు, నిస్సంకోచంగా ప్రయత్నించవచ్చు. పెద్దల్లో సుమారు నూటికి ఒకరికి నత్తి ఉంటుంది, వారిలో మగవారే ఎక్కువ. కోనసీమలోని ఏ పెద్ద ఊరు తీసుకున్నా ఈ పద్ధతి అవసరమైనవారు పదుల సంఖ్యలో ఉంటారని దీన్నిబట్టి ఊహించవచ్చు.

కావలసిన సామగ్రి

ఒక ఫోను, మైకు ఉన్న వైరు ఇయర్‌ఫోన్లు, ఒక యాప్ చాలు. యాప్ స్టోరులో డీఏఎఫ్ అని వెతికితే కొన్ని కనిపిస్తాయి. ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో మార్చుకునే వీలు, శ్రుతిని సెమీటోన్లలో (సంగీతంలో ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఉండే దూరం ఒక సెమీటోన్) పైకీ కిందికీ మార్చుకునే వీలు ఉన్నదానిని ఎంచుకోండి. ఉచితంగా దొరికే దానితో మొదలుపెట్టి, మీకు పనిచేస్తున్నదని లెక్కలో తేలిన తరువాతే డబ్బు పెట్టడం మంచిది.

ఇయర్‌ఫోన్ల విషయంలో మాత్రం రాజీ వద్దు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ శబ్దాన్ని పంపడానికే వంద, రెండు వందల మిల్లీసెకన్లు తీసుకోవడం మామూలు. మీరు యాప్‌లో 50 అని పెట్టినా చెవికి చేరేసరికి అది 200 దాటిపోవచ్చు. అందువల్ల ఈ పనికి వైరు ఉన్నవే వాడాలి. ఫోనుకు గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే చార్జింగ్ పెట్టే చోట పెట్టుకునే టైప్-సి ఇయర్‌ఫోన్లు వాడవచ్చు. సాధన చేసేటప్పుడు రెండు చెవులకూ పెట్టుకోండి, ఎందుకంటే ఒక చెవికన్నా రెండు చెవులకూ వినిపించినప్పుడు తడబాట్లు ఎక్కువ తగ్గుతాయని ప్రయోగాల్లో తేలింది. బయట ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఒక చెవికే పెట్టుకోవాలి. కుడి ఎడమల మధ్య తేడా ఏమీ లేదు. బండి నడిపేటప్పుడు అసలు పెట్టుకోకూడదు.

ఫోనులో శబ్దాన్ని మెరుగుపరిచేందుకు ఉండే డాల్బీ వంటి ఏర్పాట్లను ఆపేయండి, అవి కూడా కొంత ఆలస్యాన్ని కలుపుతాయి. సాధన మధ్యలో కాల్ వస్తే యాప్ ఆగిపోతుంది కనుక ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోవడం మంచిది. గదిలో ఫ్యాను వేగం తగ్గించండి. రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్లు తిరుగుతుండగానో, వరికోత యంత్రం పక్కనో సాధన చేస్తే మైకు ఆ చప్పుడునంతా మీ చెవిలో పోస్తుంది. ఇక్కడ మరొక విషయం చెప్పుకోవాలి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఇంజను హోరులో కొందరికి మాట సులువుగా వస్తుంది. అది వారి భ్రమ కాదు. సొంత గొంతు వినిపించకుండా చెవిని హోరుతో కప్పేస్తే నత్తి తగ్గుతుందన్నది నిజమే, 1970లలో ఎడిన్‌బరోలో ఆ సూత్రంతోనే ఒక పరికరం తయారైంది కూడా. కానీ రోజంతా చెవిలో హోరు పెట్టుకోవడం చెవికి మంచిది కాదు, ఎదుటివారి మాటా వినబడదు. ఆలస్యంగా వినిపించే పద్ధతిలో ఆ బాధ తక్కువ.

శబ్దం ఎంత ఉండాలి? మన గొంతు మనకు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా, ఏ ఆలస్యమూ లేకుండా, వినిపిస్తూ ఉంటుంది. ఇయర్‌ఫోన్‌లోని శబ్దం మరీ తక్కువగా ఉంటే ఎముకల ద్వారా వినిపించేదే గెలుస్తుంది, యాప్ పెట్టినా ఫలితం ఉండదు. మీ మామూలు గొంతుతో సమానంగా గానీ, దానికన్నా కొంచెం ఎక్కువగా గానీ వినిపిస్తే సరిపోతుంది. పెద్దవాళ్లు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ మించకుండా వింటే ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సాధన ముగిశాక చెవిలో గుయ్‌మని మోగితే శబ్దం ఎక్కువైందని అర్థం.

మొదటి పని: ఫోనులో దాగి ఉన్న ఆలస్యాన్ని కొలవడం

చాలామంది దాటవేసేది ఈ పనినే. యాప్ చూపించే అంకె అబద్ధం కాదు గానీ, అది యాప్ కావాలని కలిపే ఆలస్యం మాత్రమే. మైకు నుంచి లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రావడానికి ఫోను తనంతట తాను తీసుకునే సమయం దానికి అదనం. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ఎక్కువగానే ఉంటుంది, ఐఫోన్లలో సాధారణంగా తక్కువ. ఈ అదనాన్ని తెలుసుకోకుండా 50, 75 అంటూ అంకెలు మార్చుకోవడంలో అర్థం లేదు.

కొలవడానికి రెండో ఫోను కావాలి. యాప్‌లో ఆలస్యాన్ని సున్నాకు గానీ, అది అనుమతించే అతి తక్కువ అంకెకు గానీ తెచ్చి, శ్రుతి మార్పును ఆపండి. ఒక ఇయర్‌ఫోన్‌ను రెండో ఫోను మైకుకు ఆనించి పెట్టండి. యాప్ మైకును దానికి కొంచెం ఎడంగా ఉంచండి, లేకపోతే కీచుమని అరుస్తుంది. రెండో ఫోనులో రికార్డింగ్ మొదలుపెట్టి, రెండు మైకులకూ దగ్గరగా రెండు చెంచాలను ఒక్కసారి టక్కున కొట్టండి. రికార్డింగులో మొదట చెంచాల చప్పుడు నేరుగా, ఆ వెంటనే ఇయర్‌ఫోన్ నుంచి వచ్చిన చప్పుడు పడతాయి. ఆ రికార్డింగును కంప్యూటరులో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండు చప్పుళ్లూ రెండు మొనలుగా కనిపిస్తాయి. ఒక మొన నుంచి మరో మొన వరకు ఎంపిక చేస్తే మధ్య దూరం మిల్లీసెకన్లలో తెలుస్తుంది. నాలుగైదుసార్లు చేసి సగటు తీసుకోండి. యాప్‌లో సున్నా కాకుండా వేరే అంకె పెట్టి ఉంటే దాన్ని ఈ సగటులోంచి తీసేయండి, మిగిలేదే ఫోనులో దాగి ఉన్న ఆలస్యం. కంప్యూటరు మీకు అలవాటు లేకపోతే ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లల సాయం తీసుకోండి, పావుగంటలో అయిపోయే పని ఇది.

ఉదాహరణకు దాగి ఉన్న ఆలస్యం 45 వచ్చిందనుకుందాం. మీకు మొత్తం 75 కావాలంటే యాప్‌లో 30 పెట్టాలి. దాగి ఉన్నదే 100 దాటిపోతే ఆ ఫోను తక్కువ ఆలస్యాల ప్రయోగానికి పనికిరాదు. మరో ఫోనుతో చూడాలి. ఇక్కడి నుంచి ఈ వ్యాసంలో ఆలస్యం అని రాసిన ప్రతిచోటా చెవికి చేరే మొత్తం ఆలస్యం అనే అర్థం చేసుకోవాలి.

రెండో పని: యాప్ లేకుండా మీ మాటను లెక్కించడం

ఇయర్‌ఫోన్లు పెట్టుకోకముందు మీ మాట ఎలా ఉందో రికార్డు చేసుకోవాలి. మూడు రకాలుగా చేయండి: దినపత్రికలో ఒక వార్తను గట్టిగా చదవడం, ఒంటరిగా ఏదైనా విషయం గురించి రెండు మూడు నిమిషాలు చెప్పడం, ఇంట్లోవారితో గానీ స్నేహితుడితో గానీ మాట్లాడడం. మూడోది అవతలివారి అనుమతితోనే చేయాలి.

తరువాత కాగితం తీసుకుని ఒక్కొక్క రికార్డింగులో 300 అక్షరాలు లెక్కపెట్టండి. నత్తి తీవ్రతను నూటికి ఎన్ని అక్షరాల దగ్గర తడబడ్డారన్న లెక్కలో చూస్తారు. ఈ విషయంలో తెలుగు చదివేవారికి పని తేలిక, ఎందుకంటే మన లిపిలో గుణింతాలతో, ఒత్తులతో, సున్నాతో కలిపి రాసే ఒక అక్షరం దాదాపుగా ఒక పలుకుతో సమానం. రావులపాలెం అంటే ఐదు, బస్టాండు అంటే మూడు. కాలేజ్ అన్నప్పుడు చివరి పొల్లును విడిగా లెక్కించకూడదు, అది రెండే.

తడబాటుగా దేన్ని లెక్కించాలి? క-క-కాకినాడ అన్నట్లు అక్షరం మళ్లీ మళ్లీ రావడం, సస్స్‌స్సరే అన్నట్లు శబ్దం సాగిపోవడం, నోరు తెరిచినా శబ్దం రాకుండా మాట పట్టేయడం. ఈ మూడింటినీ లెక్కించాలి. ఒకే అక్షరం ఆరుసార్లు వచ్చినా అది ఒక్క తడబాటే. ఆలోచించుకుంటూ అదీ, అంటే అనడం, చెప్పిన వాక్యాన్ని సరిదిద్దుకుని మళ్లీ చెప్పడం అందరూ చేసేదే కనుక వాటిని వదిలేయండి. 300 అక్షరాల్లో 27 చోట్ల తడబడితే నూటికి 9 అన్నమాట. తేదీ వేసి రాసుకోండి. నత్తి ఒక రోజున్నట్లు మరో రోజు ఉండదు కనుక వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు ఇలా చూసి, ఆ తరువాతే యాప్ తెరవండి.

ఆ రికార్డింగులు వినడం బాధగా ఉంటుంది. మన మాటను మనం బయటినుంచి వినడం నత్తి ఉన్నవారికి తేలికైన విషయం కాదని నాకు తెలుసు. అయినా ఈ పనిని మరొకరికి అప్పగించకుండా మీరే చేయాలని కోరుతున్నాను. మాట ఏ అక్షరాల దగ్గర, ఏ సందర్భంలో పట్టేస్తున్నదో ఈ లెక్కలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. తరువాతి సాధన అంతా ఆ అక్షరాల మీదే ఉంటుంది.

మూడో పని: మీకు సరిపడే అమరికను కనిపెట్టడం

ఇప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 50 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టండి. అంతకన్నా బాగా తక్కువలో, ఉదాహరణకు 25 దగ్గర, పెద్దగా ప్రభావం ఉండదు. ఒక వార్త చదవండి, రికార్డు చేయండి, లెక్కించండి. తరువాత 75, ఆపైన 100, 150 దగ్గర అదే చేయండి. ఒక్కొక్క అమరికకు కొత్త వార్త తీసుకోవడం తప్పనిసరి. చదివినదాన్నే మళ్లీ చదివితే నత్తి దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గుదలను యాప్ ఖాతాలో వేసుకుంటే మోసపోయినట్లే. వార్తలు సుమారు ఒకే కష్టంలో ఉండేలా చూసుకోండి. ఒకరోజు వాతావరణం వార్త, మరోరోజు బడ్జెట్ వార్త చదివి పోల్చకూడదు.

ఆలస్యం తేలాక శ్రుతిని చూడండి. ఆక్టేవ్‌లో, అంటే సంగీతంలోని ఒక స్థాయిలో, సగం అంటే ఆరు సెమీటోన్లు. మొదట ఆలస్యం లేకుండా శ్రుతిని ఆరు సెమీటోన్లు పైకి, తరువాత ఆరు కిందికి పెట్టి చూడండి. పైకైనా కిందికైనా ఫలితం సుమారుగా ఒకే విధంగా ఉంటుందని తేలింది కనుక చెవికి ఏది ఇబ్బంది లేకుండా ఉంటే అది ఎంచుకోవచ్చు. ఆపైన మీకు బాగా పనిచేసిన ఆలస్యాన్నీ శ్రుతినీ కలిపి చూడండి. ఒకేసారి రెండు అంకెలు మార్చవద్దు, ఏది మేలు చేసిందో తెలియకుండా పోతుంది.

చదవడంలో మంచిగా తేలిన ఒకటి రెండు అమరికలను మాటల్లో కూడా పరీక్షించాలి. అసలు పరీక్ష అదే. చదివేటప్పుడు 9 నుంచి 2కు దిగి, మాట్లాడేటప్పుడు 9 నుంచి 7కు మాత్రమే దిగితే, మీ జీవితంలో దాని విలువ ఆ రెండో లెక్కలోనే ఉంది.

ఇంట్లో అన్నయ్యో, తమ్ముడో సరదాగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడబోయి తడబడితే కంగారుపడవద్దు, యాప్ పాడైందనీ అనుకోవద్దు. పైన చెప్పినట్లు, నత్తి లేనివారిని ఎక్కువ ఆలస్యం తడబెడుతుంది. మీరు రోజూ పడే అవస్థ ఎలా ఉంటుందో ఇంట్లోవారికి ఒక నిమిషంలో తెలియజెప్పడానికి దీన్ని ఉపయోగించుకోవచ్చు. తొందరగా చెప్పు, ఊపిరి పీల్చుకుని చెప్పు వంటి సలహాలు అక్కడితో తగ్గడం చూశాను.

నాలుగో పని: గొంతు తెరవడం

యాప్‌కు పెద్ద లోటు ఒకటి ఉంది. మీరు శబ్దం చేస్తేనే అది తిరిగి వినిపించగలదు. మాట మొదట్లోనే పట్టేసి నోట్లోంచి ఏ శబ్దమూ రానప్పుడు చెవిలో కూడా ఏమీ వినబడదు, సరిగ్గా సాయం కావలసిన క్షణంలో యాప్ మౌనంగా ఉంటుంది. కాబట్టి మొదటి శబ్దాన్ని బలవంతం లేకుండా బయటికి తెచ్చే అలవాటును మీరే చేసుకోవాలి. ఈ పనిని యాప్ మీద వదిలేసినవారే కొద్ది రోజులకు ఇది పనిచేయడం లేదని పక్కన పడేస్తారు.

ముందు అచ్చులతో మొదలయ్యే మాటలు తీసుకోండి: అమలాపురం, ఆత్రేయపురం, ఉండి, ఏలూరు. ఊపిరి వదలడం మొదలైన తరువాత, ఆ ఊపిరి మీదే గొంతును మెల్లగా కలపండి. కాలువ లాకు తలుపును ఒక్కసారిగా ఎత్తకుండా కొద్దికొద్దిగా లేపినట్లు శబ్దం సన్నగా మొదలై పెరగాలి. మొదటి అచ్చును అర సెకను సాగదీసి మిగతా మాటను మామూలుగా పలకండి. చెవిలో ఆ సాగదీత తిరిగి వినిపించగానే దాన్ని ఆసరాగా పట్టుకుని వాక్యం చివరిదాకా గొంతు తెగకుండా వెళ్లండి.

తరువాత మ, న, ల, ర, వ వంటి సాగే అక్షరాలు: మలికిపురం, నరసాపురం, రాజోలు. చివరగా క, గ, ట, ప, బ వంటి పట్టేసే అక్షరాలు: కొత్తపేట, పాలకొల్లు, భీమవరం. పాలకొల్లు అనేటప్పుడు పెదవులు తాకీ తాకనట్లు కలిసి వెంటనే విడిపోవాలి. బలమంతా ప మీద పెట్టకుండా దాని తరువాతి ఆకారం మీదికి వెళ్లాలి. పెదవులు గట్టిగా బిగుసుకున్నాయని తెలిస్తే అక్కడే ఆగి, బిగువు వదిలి, మళ్లీ మెత్తగా మొదలుపెట్టండి. తోసుకుని బయటపడితే ఆ తోయడమే అలవాటవుతుంది.

మన గోదావరి జిల్లాల మాటతీరు ఇందుకు అనుకూలమైనదే. ఏవండీ, అలాగేనండీ, ఆయ్ అంటూ మాట చివర సాగదీయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు కనుక, కొంచెం సాగదీసి మాట్లాడితే ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. మాట చివర తెలిసిన ఆ సాగదీతను మాట మొదటికి తెచ్చుకోవడమే మీరు నేర్చుకోవలసింది. అయితే ప్రతి వాక్యాన్నీ ఆయ్ తోనో, అదేంటంటే తోనో మొదలుపెట్టి కష్టమైన మాటను దాటవేసే అలవాటు చేసుకోవద్దు. దాటవేసిన మాట మీద భయం ఇంకా పెరుగుతుంది.

నెమ్మదిగా మాట్లాడడాన్నే నేర్చుకోదలచినవారికి రెండో దారి ఉంది. ఆలస్యాన్ని 250 దగ్గర పెట్టి, చెవిలో ప్రతిధ్వని మీ మాటతో కలిసేదాకా ప్రతి అచ్చునూ సాగదీసి చాలా నిదానంగా మాట్లాడాలి. తడబాటు లేకుండా చదవడం స్థిరపడ్డాక 200, తరువాత 150, 100, 50, చివరికి సున్నా. ఒక మెట్టు మీద నిలకడ వచ్చాకే తరువాతి మెట్టుకు దిగాలి. గోల్డైమండ్ తరువాత వచ్చిన చికిత్సకులు అనుసరించిన క్రమం సుమారుగా ఇదే. మొదట్లో మాట చాలా అసహజంగా ఉంటుంది, అది వేరే ఎవరికీ వినిపించవలసిన మాట కాదు కనుక ఫరవాలేదు. తీవ్రమైన నత్తి ఉన్నవారికి నేను ఈ దారినే సూచిస్తాను. తేలికపాటి నత్తి ఉండి, రోజువారీ పనుల్లో ఆసరా కావాలనుకునేవారికి 50 నుంచి 75 మధ్య తక్కువ ఆలస్యం చాలు.

రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి పావుగంట చాలు. అలసిపోయాక చేసిన సాధనలో పాత అలవాట్లే తిరిగి వస్తాయి.

ఐదో పని: ఇంటి బయటికి తీసుకువెళ్లడం

మీకు కష్టమైన సందర్భాలను తేలికైనవాటి నుంచి కఠినమైనవాటి వరకు వరుసగా రాసుకోండి. కిరాణా కొట్టులో సరుకు అడగడం, బస్సులో టిక్కెట్టు తీసుకోవడం, అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ ధర అడగడం, రొయ్యల కౌంటు గురించి కొనుగోలుదారుతో బేరమాడడం, ఇంటర్వ్యూలో పేరు చెప్పడం: ఎవరి వరుస వారిది. కింది మెట్టు దగ్గర మొదలుపెట్టి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో అదే సందర్భాన్ని వారమంతా ఎదుర్కొని ఆపైన పైమెట్టుకు వెళ్లండి. ఎవరైనా అడిగితే నాకు నత్తి ఉందండి, మాట తేలికగా రావడానికి ఇది పెట్టుకున్నానండి అని చెప్పేయండి. దాచుకోవలసిన పని లేకపోతే సగం భారం దిగుతుంది, ఆ తరువాత మాట కూడా కొంత తేలిక పడుతుంది.

ఫోన్లో మాట్లాడడం చాలామందికి అన్నిటికన్నా కష్టం. అక్కడ ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది: కాల్ నడుస్తున్నప్పుడు ఫోను మైకును యాప్‌కు ఇవ్వదు. అందుకని యాప్‌ను పాత ఫోనులో పెట్టి దాని ఇయర్‌ఫోన్‌ను ఒక చెవికి పెట్టుకోండి, కాల్‌ను మరో ఫోనులో రెండో చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. మొదట తెలిసినవారికే చేయండి. హలో తరువాత చెప్పవలసిన మొదటి వాక్యాన్ని ముందే నాలుగుసార్లు పలికి చూసుకోవడంలో తప్పులేదు.

యాప్‌ను తగ్గించుకుంటూ పోవడం

కొద్ది వారాల తరువాత సాధనలో సగం యాప్‌తో, సగం అది లేకుండా చేయండి. చెవిలో ప్రతిధ్వని లేకపోయినా, ఉన్నట్లే ఊహించుకుంటూ అదే వేగంతో, అదే మెత్తని మొదలుతో మాట్లాడి చూడండి. నెలకొకసారి యాప్ లేకుండా మొదట చేసిన మూడు రికార్డింగులనే కొత్త విషయాలతో మళ్లీ చేసి లెక్కించండి. యాప్ ఉన్నప్పుడు మాత్రమే తగ్గి, లేనప్పుడు అంకె కదలకపోతే అది మీకు కళ్లజోడు వంటి పరికరంగా పనిచేస్తున్నదని అర్థం. అవసరమైన చోట పెట్టుకుని వాడుకోవచ్చు, అందులో సిగ్గుపడవలసింది లేదు. రెండు నెలలు నిజాయితీగా చేసినా యాప్‌తో గానీ, యాప్ లేకుండా గానీ తేడా రాకపోతే ఈ పద్ధతి మీకు కాదని తేల్చుకుని ఆపేయండి. లోపం మీ పట్టుదలది కాదు.

అప్పుడైనా, అసలు మొదటి నుంచైనా, స్పీచ్ థెరపిస్టును కలవడం మంచిది. జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రిలో ఈ సేవ ఉన్నదేమో ముందు చెవి, ముక్కు, గొంతు విభాగంలో అడగండి. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ప్రత్యేకంగా ఈ పని మీదే ఉన్న ప్రభుత్వ సంస్థలు. నత్తి ఉన్నవారే నడుపుకునే ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ ద్వారా ఇతరులతో కలిసి మాట్లాడే అవకాశం కూడా దొరుకుతుంది. థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు తేదీలు వేసిన మీ లెక్కల కాగితం, మొదటి రికార్డింగు, తాజా రికార్డింగు, మీరు వాడిన ఆలస్యం, శ్రుతి అంకెలు, మాట ఎక్కువగా పట్టేసే అక్షరాల జాబితా తీసుకువెళ్లండి. ఈలోగా ఫోను మార్చినా, ఇయర్‌ఫోన్లు మార్చినా, ఫోను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినా, చెంచాలతో ఆలస్యాన్ని మళ్లీ కొలిచి కొత్త అంకెను ఆ కాగితం మీదే రాసుకోండి.